తీపిమర మీద ఇరవైమూడు బిళ్ళలు

లంకమంచెల చరాస్తి తాకట్టు ఉపకేంద్రం. దినచర్య పుస్తకం.
రాసేది: నడకుదుటి ముకుందం, లేఖకుడు. తాకట్టు న్యాయంలో పట్టభద్రుడు, మొదటి తరగతి.

ఈ పుస్తకం తెరిచిన మహానుభావులారా, ముందుగా నా సాష్టాంగ క్షమాపణ అందుకోండి. చరాస్తి సంస్కరణల ప్రపంచ మండలివారు పద్దెనిమిదేళ్ళు కూర్చుని, తొంభై దేశాల్లో విందులు ఆరగించి, ముసాయిదా మీద ముసాయిదా రాసి నిలబెట్టిన మహాచట్టాన్ని నేనొక్కణ్ణే ముప్పైఏడు రోజుల్లో భ్రష్టు పట్టించినందుకు క్షమాపణ. ఒక మేక నోట తప్పుడు మాటలు పలికించినందుకు క్షమాపణ. మేడమ్ ఫెర్రాన్ గారి గొంతుబిళ్ళలోకి ఉప్పునీళ్ళు పోయినందుకు క్షమాపణ. పేదవాడికి అప్పు పుట్టించాలని ప్రపంచమంతా నడుం కట్టిన శుభవేళలో, ఆ పేదవాడు తాగడానికి నీళ్ళు కావాలని అల్లరి చేసినందుకు వాడి తరఫున కూడా నాదే క్షమాపణ. నా జీతానికి ఇంత పశ్చాత్తాపం ఎక్కువే. అయినా చిల్లర మీరే ఉంచుకోండి.

రోజు 1

పీతల్ని తోలి ఆఫీసు తెరిచాను. ఆఫీసంటే మునిగిపోయిన ఊరి వాటర్ ట్యాంకు నెత్తి. కింద ఒకప్పుడు బడి, బస్టాండు ఉండేవట. ఇప్పుడు గుడ్డిపరిగెలు ఉంటున్నాయి. చుట్టూ స్తంభాల మీద మన మంచెలు, మాది కాక ఇరవైమూడిళ్ళు. కనుచూపు మేర నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. తాగేదంతా తీపిమర ఇవ్వాలి. అది ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం, మేకంత ఉంటుంది, మేకలాగే దగ్గుతుంది.

మేడమ్ ఫెర్రాన్ గారు పడవలో దిగారు. మండలి తరఫున నలభై ఊళ్ళకు చట్టం మోసుకెళ్ళే మనిషి. ఆవిడ భాష మనకు రాదు, మన భాష ఆవిడకు రాదు. మెడలో గొంతుబిళ్ళ అనువాదం చేస్తుంది. దానికి తెలుగు నేర్పినవాళ్ళు రాతిశాసనాలు నాలుగు చదివించి వదిలేసినట్టున్నారు.

"ఓ లేఖకుడా, అవధరింపుము. భూమి లేనివానికి అప్పు పుట్టదు. మీ భూమి మునింగినది. కాని మీకు కదలెడి వస్తువులు కలవు గదా! వానిని తాకట్టిడుడు. లోకము బాగుపడును."

లోకం బాగుపడే విధానం ఇది. వస్తువు తెచ్చినవాడి పేరు, వస్తువు వివరం, అప్పిచ్చేవాడి పేరు తెరమీద ఎక్కించాలి. వస్తువుకి బిళ్ళ అతికించాలి. వాయిదా తప్పితే బిళ్ళ ఎర్రబడి వస్తువు ఆగిపోతుంది. కోర్టు లేదు, జప్తుకొచ్చే అమీనా లేడు. బిళ్ళ పీకితే వస్తువు లోపల కాలిపోతుంది. ఒకే వస్తువు మీద ఇద్దరు అప్పిచ్చి ఉంటే, ముందు ఎవరి పేరు నమోదైందో వారిదే పైచేయి.

"వస్తువు నిజంగా వాడిదో కాదో ఎవరు చూస్తారు మేడమ్?"

"చూడము. మనము ప్రకటింతుము. అంతియే."

"పోనీ ఆ వస్తువు ఇదివరకే తాకట్టులో ఉందేమో వెతకొచ్చా?"

"వస్తువు పేర వెదుక వీలులేదు. మనిషి పేర వెదుకవలెను."

పద్దెనిమిదేళ్ళు ఊరికే పోలేదు.

చివర్న ఒక ఉత్తుత్తి నమోదు చేసి చూపమన్నారు. చేశాను. నంబరు ఒకటి పడింది, గంట మోగింది. చెరిపివేయుమన్నారు. సరేనన్నాను. అప్పటికే మా పిన్ని మంచె మీద నుంచి ఎండురొయ్యల కూర వాసన వస్తోంది.

రోజు 2

మొదటి ఖాతాదారు మేక. తెచ్చింది పేరంటాలు, ఉప్పుచేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. తెరమీద అయిదు రుణసంస్థలు పోటీపడి మూడు నిమిషాల్లో అప్పిచ్చాయి. వాళ్ళ ప్రకటన అదే మరి, "మూడు నిమిషాల్లో". పాత తాకట్లు వెతికితే నాలుగో నిమిషం పడుతుంది, పైగా రుసుము కూడానట. అందుకని ఎవరూ వెతకరు.

మేకని ఎలా ఆపుతారని అడిగాను. ప్రాణి అయితే ఆగదట, బిళ్ళే అరుస్తుందట. నొక్కి చూశాను. "ఈ మేక రుణగ్రస్తము!" అని అరిచింది. మేక బెదిరి నీళ్ళలో దూకింది. దాన్ని పట్టే కంగారులో మేడమ్ గారి గొంతుబిళ్ళ కూడా తడిసింది. క్షమాపణ పైనే చెప్పాను.

రోజు 3

మేడమ్ గారు పొద్దున్నే వెళ్ళిపోయారు. ఆ వెనకే పడవ నడుపుకునే బుల్లబ్బాయి తెప్ప మీద తీపిమరని ఎక్కించుకుని వచ్చాడు. కొత్త ఇంజను కొనుక్కోవాలట, మరని తాకట్టు పెడతాడట.

"మర నీదా?"

"ఈవేళ నాదే."

"రేపో?"

"రేపు పేరంటాలుది. నీకు తెలీనట్టు అడుగుతావేం?"

తెలుసు. మంచెల మీద మర వంతు ప్రకారం తిరుగుతుంది, రోజుకొక ఇల్లు. నీ వంతు రోజున ఎవరైనా వచ్చి "మర ఎవరిది?" అంటే "మాది" అనాలి. కాదన్నావా, నీ వంతు ఎగిరిపోయి పక్కింటికి పోతుంది, ఇరవైమూడు రోజులు మళ్ళీ రాదు. మా తాతల నాటి కట్టడి. ఎవడి వంతు రోజున వాడే మరని చూసుకుంటాడని పెట్టారు. బుద్ధిగానే పెట్టారు. కాగితం పట్టుకుని ఎవడో అడగొస్తాడని వాళ్ళు ఊహించలేదు, అంతే.

"బాబాయ్, ఇది అందరిదీ. నీదని రాస్తే ఎలా?"

"ఏరా, పట్నంలో చదివి నా వంతు ఎగరగొడదామనా? ఈవేళ మర నాది. రాయి."

కాగితంలో గడి ఇలా ఉంది: "వస్తువు మీదేనా? అవును. కాదు." ఏ రోజున అనే గడి లేదు. అవును రాశాను. బిళ్ళ అతికించాను.

రోజు 4

పేరంటాలు వచ్చింది, అదే తెప్ప, అదే మర. నిన్నటి బిళ్ళ దాని నుదుటి మీదే ఉంది.

"అత్తా, దీన్ని బాబాయ్ నిన్న తాకట్టు పెట్టేశాడే!"

"నిన్న కదా?"

"ఆఁ."

"నిన్న వాడిది."

ఆవిడ అంత నెమ్మదిగా చెప్పింది, నాకే సిగ్గేసింది. రెండో బిళ్ళ అతికించాను.

రోజు 11

మర రోజూ వస్తోంది. మనుషులే మారుతున్నారు. ఈ ఆఫీసుకి క్రమం తప్పకుండా హాజరయ్యేది నేనూ అదీ, ఇద్దరమే. తొమ్మిది బిళ్ళలు. జాతరలో అమ్మవారిలా ఉంది.

పై ఆఫీసుకి ఉత్తరం రాశాను: "ఒకే యంత్రం తొమ్మిదిసార్లు తాకట్టు పడింది. ఆపమంటారా?"

రోజు 17

జవాబు వచ్చింది. "మీ ఉత్సాహమునకు ధన్యవాదములు. మీ ఉపకేంద్రము తాకట్టుల సంఖ్యలో ప్రాంతీయ ప్రథమ స్థానమున నున్నది." జతగా ఒక ప్రశంసాపత్రం. గోడకి మేకు కొట్టి తగిలించాను. పీత ఎక్కి కూర్చుంది. దానికి తగిన చోటే.

రోజు 25

ఇరవైమూడో బిళ్ళ. మర కనపడటంలేదు, బిళ్ళలే కనపడుతున్నాయి.

ఊళ్ళో కొత్త ఇంజన్లు, కొత్త ఎండబెట్టే పెట్టెలు, ఒకాయనకైతే నాలుగు నోళ్ళున్న మైకు. అందరూ మహారాజుల్లా తిరుగుతున్నారు. అప్పు తీసుకోనిది మా పిన్ని కనకరత్నం ఒక్కతే. ఆవిడకి వంతు లేదు. మర లోపల పొరలపొరలుగా ఒక జల్లెడ ఉంటుంది, ఉప్పంతా పట్టుకునేది అదే. రోజూ సాయంత్రం మర మా మంచెకి వస్తుంది, ఆవిడ ఆ జల్లెడ విప్పి, బూరుగుదూది పెట్టి రుద్ది, మళ్ళీ బిగిస్తుంది. ముప్పైఏళ్ళుగా అదే పని. జీతం లేదు. ఏ రోజు ఎవరి వంతైతే వాళ్ళు ఒక బిందె పంపుతారు. మేమిద్దరం ఆ బిందె మీదే బతుకుతాం. అమ్మానాన్నలు మునకలో పోయాక నన్ను పెంచిందీ, చదివించిందీ ఆ బిందెలోంచే.

ఈవేళ జల్లెడ విప్పబోయి చేత్తో తడుముకుంది. "ఏవిట్రా ఇవన్నీ? దీనికేమైనా అమ్మవారు పోసిందా?"

"అభివృద్ధి, పిన్నీ."

"దురద పెట్టదూ?"

రోజు 33

బుల్లబ్బాయి కొత్త ఇంజనులోకి జెల్లిచేపలు దూరాయి. ఇంజను పోయింది, వాయిదా తప్పింది. పొద్దున్నే మర మీద ఒక బిళ్ళ ఎర్రబడింది. మర దగ్గి ఆగిపోయింది.

నేను ఊరంతా తిరిగి చట్టం విప్పి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. బుల్లబ్బాయి అయితే మరీ. "ఈవేళ నా వంతు కాదే! నా అప్పుకి ఇవాళ్టి మరని ఎలా ఆపుతారు?" మండలివారు పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న ఇది.

రోజు 34

వస్తువు ఆగిందని తెలియగానే మిగిలిన సంస్థలన్నీ కంగారుపడి తమ అప్పులన్నీ ఒకేసారి కట్టమన్నాయి. ఎవరు కడతారు? ఇరవైమూడు బిళ్ళలూ ఎర్రబడ్డాయి. ఇంటికి రెండేసి కుండలున్నాయి. మూడు రోజులు, పొదుపుగా తాగితే.

నీళ్ళ పడవవాడికి కబురు పెట్టాం. బిందెకి చెప్పిన ధర విని పేరంటాలు తెడ్డు విసిరింది.

ఊరంతా ట్యాంకు ఎక్కింది.

"ముకుందం, పీకెయ్యరా ఆ బిళ్ళలు!"

"పీకితే మర కాలిపోతుందత్తా."

"మరి అతికించేటప్పుడు నోరెక్కడ పెట్టుకున్నావ్?"

"అడిగాను. వంతు ఎగరగొడుతున్నానన్నారు."

"గట్టిగా అడగాల్సింది. మొదటి తరగతి అట, మొదటి తరగతి!"

న్యాయమే. ఈ పుస్తకంలో మండలిని వెక్కిరించడానికి వాడిన సిరాలో సగం బుల్లబ్బాయి మీద వాడి, పావు నా మీద వాడుకుని ఉంటే సరిపోయేది.

రోజు 35

మేడమ్ ఫెర్రాన్ గారు ఎల్లుండి వస్తారట, "ప్రాధాన్యతా నిర్ణయము" చేయడానికి. ఎవరు ముందు నమోదయ్యారో తేల్చి మరని వాళ్ళకి అప్పగిస్తారు. వాళ్ళు పట్టుకెళ్ళి అమ్ముకుంటారు. ఇంట్లో కుండ అడుగు కనపడుతోంది.

రోజు 36

విశేషాలేమీ లేవు.

రోజు 37

మేడమ్ గారు మర ఉన్న మా మంచెకే వచ్చారు, తెర నేను మోసుకెళ్ళాను. రుణసంస్థల తరఫున మనుషులు రాలేదు, మాట్లాడే పెట్టెలు వచ్చాయి. అయిదు పెట్టెలు, పడవ అంచున వరసగా, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనుషుల్లా. ఊరంతా పెదాలు పగిలి నిలబడి ఉంది. మర మా పిన్ని పక్కనే ఉంది. ఆగిపోయిన మరని ఈ నాలుగు రోజులూ ఆవిడ మంచె మీదే ఉంచారు.

మొదటి పెట్టె అంది: "బుల్లబ్బాయి, మూడో రోజు. మాదే ముందు."

"లేఖకుడా, ఆతని పేర వెదుకుము" అన్నారు మేడమ్.

వెతికాను. తెరమీద రెండు వరసలు వచ్చాయి. మేడమ్ గారు దగ్గరికి వంగి చదివారు. చదువుతుంటే గొంతుబిళ్ళ కూడా తడబడింది.

"నంబరు ఒకటి. మొదటి దినము. బాకీదారులు: లంకమంచెల సమస్త జనులు, జాబితా ప్రకారము పేరుపేరున. వస్తువులు: కదలునవన్నియు, ఇపుడున్నవి, ఇకమీద రాబోవునవి. అప్పిచ్చినవారు: సంగాని కనకరత్నము. ఇది… ఇది ఆనాటి ఉత్తుత్తి నమోదు గదా! చెరిపివేయుమంటిని!"

"సరేనన్నానండి. చెరపలేదు."

పెట్టెలు అయిదూ ఒక్కసారే అరిచాయి. మేడమ్ చెయ్యి ఎత్తి ఆపారు. ఎంత మండలి మనిషైనా, తన చట్టం తనకి తెలుసు. ఒప్పందానికి ముందే నమోదు చేసుకోవచ్చునని రాసింది వాళ్ళే. నమోదు నిలవాలంటే వెనక నిజంగా బాకీ ఉండాలని రాసిందీ వాళ్ళే. ఆవిడ మా పిన్ని వైపు తిరిగారు.

"ఓ అమ్మా. వీరికి నీవేమి అప్పిచ్చితివి?"

పిన్నికి ఈ వ్యవహారం ఒక్క ముక్క తెలీదు. తన పేరు ఎందుకు చదివారో అసలే తెలీదు. ముందు నా వంక చూసింది. తర్వాత ఊరి వంక చూసింది.

"నేనా? అప్పా? ముప్పైఏళ్ళు జల్లెడ తోమాను తల్లీ. ఉప్పుకి వేళ్ళు చూడు ఎలా అయిపోయాయో. ఒక్కడు, ఒక్కడైనా కూలి ఇచ్చాడేమో అడుగు. బిందె నీళ్ళు పంపిస్తారు, అదీ సగం ఒలకబోసి. బుల్లబ్బాయిని అడుగు. పోయినేడు బిందె పంపడం మర్చిపోయి, మైకు వింటూ కూచున్నాడు."

"అది మైకు కాదొదినా, రేడియో" అన్నాడు బుల్లబ్బాయి.

"నోర్ముయ్."

ఇక్కడ నా మొదటి తరగతి పనికొచ్చింది. ముప్పైఏళ్ళ కూలి బాకీయే. ఆ బాకీకి వస్తువు ఆమె స్వాధీనంలో ఉంటే నోటి ఒప్పందం చాలునని ఇరవయ్యో సెక్షను. మర ఆవిడ మోకాలికి ఆనుకునే ఉంది. కావలసిందల్లా బాకీదారులు తాకట్టుకి ఒప్పుకోవడం.

"పేరంటాలత్తా, పిన్నికి నువ్వు బాకీ ఉన్నావా? దానికి మర హామీ అంటే ఒప్పుకుంటావా?"

పేరంటాలు కొంగు నడుముకి బిగించింది. బాకీ ఉన్నానని నలుగురిలో చెప్పుకోవడం మంచెల మీద చిన్న సంగతి కాదు.

"ఉన్నాను. మా అత్త కాలం నుంచీ ఉన్నాం. ఒప్పుకున్నాను."

తర్వాత బుల్లబ్బాయి, తల దించుకుని. తర్వాత మైకాయన. ఆపైన మిగతా ఇళ్ళన్నీ, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, వంతు ప్రకారమే. గొంతుబిళ్ళ ఒక్కొక్కటీ పూసగుచ్చినట్టు అనువదించింది. నాలుగో పెట్టె "ఇది కుట్ర" అంది. మేడమ్ దాని మూత మూసేశారు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగిన క్షణం అదొక్కటే, కాబట్టి రాసిపెడుతున్నాను.

"ప్రథమ హక్కుదారు అనుమతి లేక అన్యులు వస్తువును ఆపరాదు. అమ్మా, నీవు ఆపింతువా, నడిపింతువా?"

"నీ పుణ్యం ఉంటుంది, ముందు నడిపించు. ఇవాళ ఎవరి వంతో వాళ్ళొచ్చి పట్టుకెళ్ళండి. తోమే ఉంచాను."

బిళ్ళలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మర రెండుసార్లు దగ్గింది, ఉమ్మింది, నీళ్ళు వచ్చాయి. వంతు మైకాయనది. మొదటి బిందె పట్టి, ఒలకబోయకుండా పిన్ని ముందు పెట్టాడు.

అప్పులు పోలేదు, అవి అలాగే ఉన్నాయి. కొత్త ఇంజన్లూ ఎండబెట్టే పెట్టెలూ పట్టుకెళ్తారేమో పట్టుకెళ్ళనివ్వండి. దానికి నేను ఏడవను.

రోజు 39

మండలి విచారణ సంఘం నుంచి ఉత్తరం. నంబరు ఒకటి ముందుచూపుతో పన్నిన కుట్రా, లేక నిర్లక్ష్యమా, వ్రాతపూర్వకంగా తెలుపవలెను. ఊళ్ళో మాత్రం ముందుచూపే అని తేల్చేశారు. పేరంటాలు ఎండుచేపలు పంపింది. బుల్లబ్బాయి నన్ను "లాయరు గారూ" అంటున్నాడు. పిన్ని ఎవరొచ్చినా చెబుతోంది: "మొదటిరోజే నా పేరు రాశాడమ్మా, వెధవ, నాతో ఒక్క మాటైనా అనకుండా."

విచారణ సంఘంవారికి మనవి. చట్టాన్ని భ్రష్టు పట్టించింది నేను కాదు, అది అలాగే పుట్టింది. మేక మాటలు మీవే. ముందుచూపూ లేదు, కుట్రా లేదు. రొయ్యల కూర వాసనకి చెరపడం మర్చిపోయాను. పైన చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నేను చేసింది ఒకటుంది. ముప్పైఆరో రోజున.

మొదటిరోజు అప్పిచ్చినవారి గడిలో నేను రాసింది పిన్ని పేరు కాదు. సరదాకి నా పేరే రాసుకున్నాను. ముప్పైఆరో రోజు మధ్యాహ్నం, దాహానికి నాలుక పిడచగట్టి, పనిలేక పాత నమోదులు తిప్పుతుంటే అది కనపడింది. మొదటి తరగతి కదా, అర నిమిషంలో అర్థమైంది. వెనక ఒక బాకీ కాగితం పుట్టిస్తే, రేపు పొద్దున మర నా చేతికి వస్తుంది. నేను దాన్ని ఎవరికైనా అమ్మొచ్చు.

తెరమీద అమ్మకానికి పెట్టాను. గట్టునేల మీద, కొండవాలున, ఒక గది ఇల్లు ఇస్తామని రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. కుళాయి ఉన్న ఇల్లు. ఒక్క వివరం అడిగారు: ఈ యంత్రం మీద ఎందరు ఆధారపడి ఉన్నారు? ఎక్కువమందైతే ధర ఎక్కువ, గత్యంతరం లేనివాళ్ళు తిరిగి ఎంతకైనా కొనుక్కుంటారు గనక. ఇరవైమూడిళ్ళూ వేళ్ళమీద లెక్కపెట్టాను. నూటపందొమ్మిది అని రాశాను. ధర వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, వంతు లేని ఇల్లు ఒకటి వదిలేశానని. నేను ఎలాగూ గట్టెక్కుతున్నాను, అక్కడ మిగిలేది ఒక్క మనిషి. నూటఇరవై అని దిద్దాను. అవును, దిద్దాను. ధర పెరిగింది. పెరిగినంత మేరా తెరమీద పక్కన విడిగా, చిన్న అక్షరాల్లో చూపించింది.

అది మా పిన్ని ధర.

అమ్మకం రద్దుచేసి, నంబరూ తేదీ కదలకుండా గడిలో నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాసింది ఆ తర్వాతే. ఆ అంకె ఆవిడకి చెప్పలేదు. మీరు అడిగినా చెప్పను.